తొమ్మిదితో భాగం పోయే సంఖ్య

గని సర్వే ఆఫీసులో సంపత్ ఫోన్ పెట్టేసి, టిఫిన్ డబ్బా తెచ్చిన అక్క జమున వైపు తిరిగి నవ్వాడు.

"పాత సొరంగంల నిండిన నీళ్ళన్నీ నేను చెప్పిన లెక్క ప్రకారం తోడిన్రట అక్కా. ముప్పై ఏడు లక్షల ఎనిమిది వేల లీటర్లు. గనిల పని చేయించే భూపాల్ కాక ఇగ ఆ సొరంగానికి అడ్డమున్న గోడ పగులగొట్టిస్తున్నడు."

"లెక్క సరిచూసినవా?" అంది జమున. ఆమె బడిలో లెక్కలు చెబుతుంది.

"సొరంగం వెడల్పు మూడు మీటర్లు, ఎత్తు మూడు. పొడవు ఎంతున్నా నీళ్ళ లెక్క తొమ్మిదితో భాగం పోవాలె. అంకెలు కూడితే పద్దెనిమిది. పోతది."

జమున ముఖం మారింది. "అంకెలు తారుమారైనా కూడితే పద్దెనిమిదే కదరా తమ్మీ! పొడవెంత?"

"నాలుగు వందల ఇరవై."

ఆమె నోటితోనే గుణించింది. "ఘన మీటరుకు వెయ్యి లీటర్లు. ముప్పై ఏడు లక్షల ఎనభై వేలు."

సంపత్ తన లెక్క కాగితం తీసి చూశాడు. కాకకు చెప్పేటప్పుడు ఎనభై వేలను ఎనిమిది వేలు చేశాడు. డెబ్బై రెండు వేల లీటర్లు ఇంకా గోడ వెనకే ఉన్నాయి.

వెంటనే గని లోపలి ఫోన్‌కు కలిపాడు. "కాకా, గోడ ముట్టకుండ్రి! అందరు జల్ది బయటికి రండ్రి!"

"ఏందిరా? ఇనవస్తలేదు. ఇక్కడేదో హోరు..." అన్నాడు భూపాల్.

ఆ తర్వాత ఫోన్‌లో ఆ హోరు ఒక్కటే వినిపించింది.