వదులు చేసిన ప్యాంటు

“రెండుసార్లు తీసేసిన కొవ్వుగడ్డ తొడలో అదే చోట మళ్ళీ వచ్చిందంటే మామూలు కొవ్వు కాకపోవచ్చు. కోసే ముందు సూదితో ముక్క తీసి పరీక్షించాలి,” అన్నాడు డాక్టరు. “త్వరగా పెరుగుతోందా?”

“లేదండీ. పెరిగితే ప్యాంటు బిగుసుకోదూ?” అని నవ్వబోయాడు బస్సు డ్రైవరు. ఇంటిల్లిపాదికీ కూడు పెట్టేది ఆ కాలే.

దర్జీ పని చేసే భార్య తల వంచుకునే అంది: “ఆర్నెల్లుగా ఈయనకు తెలియకుండా కుడికాలి కుట్టు విప్పి వదులు చేస్తున్నానండీ. ఇక విప్పడానికి లోపల గుడ్డ లేదు.”

అతను వంగి కుడికాలి కుట్టు తడిమి చూసుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆ ప్యాంటును చూసుకునే ధైర్యంగా ఉన్నాడు.

“తెలిసీ నాకు చెప్పలేదేమే?”

“మీరు రోజూ పెరగలేదంటుంటే, నాకూ నమ్మాలనిపించేదండీ.”