ఆరో కుర్చీ

"ఇంకో కుర్చీకి కూడా తెల్లగుడ్డ కట్టు," అన్నాడు సంఘం కార్యదర్శి, ఆమె వైపు చూడకుండానే.

చంకలో పాపతోనే ఆమె ఐదో కుర్చీకి ముడి బిగించింది. ప్రపంచ వార్తా ఫోటోగ్రాఫర్ల సంఘం మహాసభ ఇంకో గంటలో మొదలవుతుంది. ఆ ఏడాది పనిమీద వెళ్లి ప్రాణాలతో తిరిగిరాని సభ్యుల ఇంటివాళ్లను ముందు వరసలో, తెల్లగుడ్డ కట్టిన కుర్చీల్లో కూర్చోబెట్టడం అక్కడి ఆనవాయితీ.

"లిస్టులో ఐదుగురే కదా సార్?"

"ప్రధాన కార్యాలయం నుంచి ఇప్పుడే ఫోనొచ్చింది."

"పాపం, ఏ ఇల్లాలి కొంప మునిగిందో," అంటూ ఆమె ఆరో కుర్చీ ముందుకు లాగింది. "మా ఆయన కెమెరా వేసుకుని సరిహద్దుకెళ్లి మూడు రోజులైంది సార్. ఫోన్ కలవట్లేదు. చార్జర్ మర్చిపోయుంటాడు. తల మెడకి అతుక్కుని ఉంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే అదీ మర్చిపోయేవాడు."

ఎప్పుడూ ఆ మాటకు పగలబడి నవ్వే మనిషి నవ్వలేదు. సంఘం ఆఫీసులో ఆమె పనికి చేరిన ఈ నాలుగేళ్లలో 'ఏమ్మాయ్, నువ్వు' అని తప్ప పిలిచి ఎరగడు. దగ్గరికొచ్చి, పాప కోసం రెండు చేతులూ చాచాడు.

"గుడ్డ నేను కడతాను. మీరు కూర్చోండమ్మా."

ఆమె పాపను ఇవ్వలేదు. కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది.

"నువ్వు అనండి సార్," అంది మెల్లగా. "ఎప్పటిలాగే నువ్వు అనండి."