మోత చాటు మాట

మిల్లులో మగ్గాలు శాశ్వతంగా ఆగిపోయిన రోజున యజమాని బల్ల ఎక్కాడు.

"ఈ రేవులో ఓడెక్కిన ప్రతి తానులోనూ మీ చెమట ఉంది. అందుకే ఇక్కడ మ్యూజియం కడతాను!"

కార్మికులు కిక్కురుమనలేదు. వాళ్ల క్రమశిక్షణకు ఆయన కళ్లు చెమర్చాయి.

నిజానికి హాలు నిండా మాటలే. మగ్గాల మోతలో గొంతు వినబడదు కనుక అక్కడ అందరూ పెదవులు కదిపే మాట్లాడుకునేవారు. అందులో ఆరితేరిన నేతగత్తెకు 'మైకు' అని పేరు పెట్టారు.

"మనల్ని కూడా గాజుపెట్టెలో పెడతాడేమో వదినా," అంది మైకు, చప్పుడు లేకుండా.

"నిన్ను పెడితే పెట్టె పగులుతుందే," అంది ఆడపడుచు, అలాగే.

అవతలి వరసలో మైకు మొగుడు చెయ్యెత్తాడు. ఇంట్లో ఉన్నది ఒక్కటే గది, అందులో అత్తగారివి పాము చెవులు; పెదవుల మాటా ఆవిడకు తెలుసు. ఆలుమగల ఊసులన్నీ మగ్గాల దగ్గరే సాగాయి.

"మైకూ, ఎప్పట్నించో నీకో మాట చెబుదామని..." అన్నాయి అతని పెదవులు.

సరిగ్గా అప్పుడే యజమాని బల్ల దిగి, వాళ్లిద్దరి మధ్య అడ్డంగా నిలబడి ఫొటో తీయించుకున్నాడు. ఆయన తప్పుకునేసరికి మొగుడి నోరు మూసుకుపోయింది.

ఇంటికొచ్చాక మైకు గొంతు విప్పింది. "ఏమయ్యా, ఇందాక ఏదో అన్నావు?"

"ఏమన్నాడే?" అంది అత్తగారు మంచం మీంచి.

"ఏం లేదులే," అన్నాడతను.

మ్యూజియం తెరిచారు. మగ్గాల మోత రికార్డు చేసి వినిపిస్తున్నారు, చూడవచ్చినవాళ్ల చెవులు నొప్పెట్టకుండా, బాగా మెల్లగా.

అతను ఆ మాట ఇంకా చెప్పలేదు.