బ్రాస్ బాస్

రోహన్ పేరెత్తితే మునుస్వామికి ఇప్పటికీ వేపాకు నమిలినట్టుంటుంది.

ఆ యానాం కుర్రాడు కొట్టులో అడుగుపెడుతూనే అడిగాడు.

“ఇంత మంచి ఇత్తడి దీపాలు పెట్టుకుని ఈగలు తోలుకుంటున్నారేంటండి?”

నిజమే. పుదుచ్చేరి బజారులో తాతల నాటి కొట్టు. జనమేమో అన్నీ ఫోనులోనే కొనేస్తున్నారు. ఇంకో ఏడాది ఇలాగే సాగితే షట్టర్ దించేయాల్సిందే.

“ఏం చేద్దామంటావప్పా?”

“కొట్టుని కాదండి, మిమ్మల్ని చూపించాలి. పర్సనల్ బ్రాండ్! జనం మీ మొహం చూసి రావాలి.”

ఐదో తరగతిలోనే బడి మానేసిన మునుస్వామికి ఆ మాట నచ్చింది. తన మొహానికి విలువుందని అంతవరకూ ఎవరూ చెప్పలేదు మరి.

రోహన్ అతనికి నల్లద్దాలు పెట్టాడు. ‘బ్రాస్ బాస్’ అని పేరు తగిలించాడు. ఫ్రెంచివాళ్ల నాటి వైట్ టౌన్‌లో పసుపు గోడల ముందు నిలబెట్టి, చేతిలో దీపం పెట్టి వీడియోలు తీశాడు. వచ్చినప్పుడల్లా డబ్బు పట్టుకెళ్లాడు.

చూస్తుండగానే ఫాలోయర్లు నలభై వేలు దాటారు.

కదిర్కామం వైపు నుంచి ఆడవాళ్లు కొట్టుకి రావడం మొదలైంది. ఒకరికి చెంబు, ఒకరికి జత దీపాలు.

“చూశారా సార్, రీచ్ అంటే ఇదండి!” అన్నాడు రోహన్.

అంతా బాగానే ఉంది, ఒక్క తిలగం తప్ప.

ఆవిడెవరో తెలియదు. ప్రతి వీడియో కిందా అరవ అక్షరాల్లో తెలుగు రాసేది. ఇంట్లో తెలుగు మాట్లాడే ఈ ఊరివాళ్లు చాలామంది రాసేది అలాగే. మునుస్వామీ అంతే.

“తమ్ముడూ, దీపం చూపిస్తా ఉండావు, తూకం చెప్పవేంది?”

“పూజ సామాను అమ్మేవానికి నల్లద్దాలు ఏంటికి? కంటి ఆపరేషనా?”

“మొహంలో నవ్వు యాడ పోయింది? తిన్నావా లేదా?”

మునుస్వామి చదివి వినిపిస్తే రోహన్ మొహం చిట్లించాడు.

“నలభై వేల మంది ముందు మీ పరువు తీసేస్తోందండి. బ్రాండ్ పాడైపోద్ది. బ్లాక్ చేసేయండి.”

“పెద్దావిడ మాదిరి ఉందిరా, పాపం.”

“బాస్‌కి జాలేంటి సార్?”

మునుస్వామి బ్లాక్ నొక్కాడు.

ఆ తర్వాత కొట్టుకి ఎవరూ రాలేదు. కొన్నాళ్లకి రోహనూ రాలేదు.

ఇక మిగిలిన ఆశ చెన్నై కంపెనీ. వెనక ఫాలోయర్లున్న దుకాణాల సరుకుని ఆ కంపెనీ తన సైటులో పెట్టి అమ్ముతుంది. వాళ్లు పంపిన చరిత అనే అమ్మాయి వచ్చి, అతని ఫోను చాలాసేపు తిప్పింది.

“అంకుల్, వీళ్లెవరూ మనుషులు కారు. అన్నీ దొంగ అకౌంట్లు. ఎవరో డబ్బిచ్చి కొన్నారు.”

“నలభై వేలూనా?”

“అన్నీ. సారీ అంకుల్, మేం తీసుకోలేం. అయినా నిజం మనిషి ఒక్కావిడుంటే, ఆవిణ్ణి బ్లాక్ చేశారేంటి?”

చరిత తన ఫోనులో తిలగం పేజీ తెరిచింది. మునుస్వామి వీడియోలన్నీ వరసగా అక్కడున్నాయి. పైన అరవ అక్షరాలు.

“నాకు అరవం చదవడం రాదంకుల్. ఏం రాసింది?”

మునుస్వామి కూడబలుక్కుని చదివాడు.

“కదిర్కామం అక్కలారా, ఇది మన తమ్ముడి కొట్టు. దీపం కావాలంటే ఈడికే పోండి.”

ప్రతి వీడియోకీ అదే మాట. అన్నిటికంటే ఆఖరున రాసింది, అతను బ్లాక్ చేసిన మర్నాటిది.

“తమ్ముడి వీడియోలు ఏవీ కానరాలా. కొట్టు మూసేసినాడు మాదిరి ఉంది, పాపం. సుమ్మా ఉత్తినే ఆడిదాకా పోయి తిరిగి రావద్దండి.”

“ఇంకేం రాయలేదా?” అంది చరిత.

మునుస్వామి ఫోను ఆమె చేతికిచ్చేశాడు.

కొట్టు మెట్టెక్కిన ఆడవాళ్లందరినీ పైసా తీసుకోకుండా పంపింది తిలగం, ఎన్నడూ ఎక్కని నలభై వేల మంది కోసం మునుస్వామి రోహన్‌కి ఇచ్చుకున్నది నటేశన్ నగర్‌లో పన్నెండు వందల అడుగుల స్థలం అమ్మిన డబ్బు.