గోంగూర పేరే ఖాయమైంది

ఉదయం ఎనిమిదయ్యేసరికి యంత్రం నలభై కొత్త పురుగుల బొమ్మలు నా తెర మీద పడేసింది. మారేడుమిల్లి అడవిలో చెట్టుచెట్టుకూ కట్టిన వలల్లో రోజూ పడేవే. ఒక్కొక్కటీ ఆవగింజలో సగం కూడా ఉండదు. కొలతలన్నీ యంత్రమే తీస్తుంది కానీ, చూసి వర్ణించి పేరు పెట్టేది మాత్రం మనిషే కావాలట. మా వీధిలో ఇంటికొకరం ఇదే పని చేస్తున్నాం. పురుగుకు పది నిమిషాలు. రోజుకు నలభై పేర్లు ఎక్కణ్ణించి తేను? మార్చిలో ఒక బుల్లి ఎర్ర కందిరీగ వచ్చినప్పుడు పొయ్యి మీద కూర మాడుతోంది. దానికి గోంగూర అని పెట్టేసి పరిగెత్తాను.

మనసారా పెట్టింది ఒక్కటే. పదేళ్లుగా ఆ వలలు కడుతున్న బాపిరెడ్డిగారి పేరు, ఆ తర్వాత వచ్చిన ఒక నీలిరెక్కల కందిరీగకు.

ఈరోజు యంత్రం తేల్చింది: ఎర్రది ఆడది, నీలంది మగది, జాతి ఒక్కటే. ముందు పెట్టిన పేరే ఉంటుంది, రెండోది రద్దు. గంటసేపు పోట్లాడాను. అది మర్యాదగా అదే రూలు మళ్లీ మళ్లీ చదివింది.

సిగ్గుపడుతూనే బాపిరెడ్డిగారికి ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"ఆ రెండూ మొగుడూ పెళ్ళాలని అప్పుడే చెప్పానుగదండీ అమ్మగారూ," అన్నారాయన. "ఒకే ఆకు మీద జతకట్టి ఉండగా భూతద్దంలో చూశాను."

నిజమే, చెప్పారు. నేనే రాయలేదు.

"మీ మాట రాయడానికి ఫారంలో చోటు లేదండీ," అన్నాను.



"నా మాటకే చోటు లేనప్పుడు, నా పేరు పెట్టడం దేనికండీ?"