చౌరస్తా లెక్క

"గంట సేపట్ల తొమ్మిది వందల బండ్లే వచ్చినయి. గిట్లయితే మన చౌరస్తా సంగతి మునిగినట్టే," అన్నాడు రామ్‌దాస్, లెక్క రాసేవాళ్ల వెనక నుంచి తొంగిచూసి వచ్చి.

గంగమణి రోడ్డు వైపు చూసింది. నిజామాబాద్ చివర బోధన్ రోడ్డుకు ఇవతల వాళ్ల పసుపుతోట కాలనీ, అవతల బడి, నడుమ ఆగకుండా లారీలు. రెండో తరగతి చదివే ఆమె కూతురు త్రివేణి రోజూ ఆ రోడ్డు దాటాలి. పోయిన నెల ఒక లారీ పిల్ల చేతిలోని టిఫిన్ డబ్బాను ఎగరగొట్టి పోయింది. డబ్బా నుజ్జయింది, పిల్లకు ఏమీ కాలేదు. అప్పటి నుంచి హారన్ వినబడితే చాలు, గంగమణి చేతిలో పని చేతిలోనే ఆగిపోతోంది.

సిగ్నల్ పెట్టి చౌరస్తా బాగుచేయమని కాలనీవాళ్లు అర్జీలు పెట్టగా పెట్టగా ఇవాళ ఇంజనీరు భానుప్రసాద్ మనుషులతో దిగాడు. మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా లెక్క. ఆరు వేల బండ్లు దాటితే డబ్బు మంజూరవుతుంది, లేకపోతే ఫైలు అటకెక్కుతుంది. ఏ రోజూ లేనిది, సరిగ్గా ఇవాళే మార్కెట్ యార్డుకు సెలవు వచ్చి పడి లారీలు తగ్గాయి.

"గిప్పుడెట్ల అన్నా?" అంది గంగమణి.

రామ్‌దాస్ కాలనీ సంఘానికి అధ్యక్షుడు. ఉపాయం లేదని ఒప్పుకుంటే ఆయన పరువు పోతుంది.

"మనమే తిరుగుదాం. కాలనీల ఉన్న బండ్లన్నీ బయటికి తియ్యాలె."

"దొరికిపోతే?"

"వాళ్లు చక్రాలు సూస్తున్నరు గని మొఖాలు సూస్తలేరు. పెద్ద గల్లీల నుంచి చౌరస్తాకు రావాలె, ఎడమకు మలగాలె, పక్క గల్లీల నుంచి మళ్ల లోపటికి పోవాలె. రోడ్డు మాత్రం ఎవ్వలు దాటొద్దు. ఒక్కలకు ఏమన్నయినా నా మెడకు సుట్టుకుంటది."

"మరి నాలుగింటికి బడి ఇడుస్తరు గద. పిల్లలో?"

"టీచరమ్మకు ఫోన్ జేసిన. ఆరు దాకా అందర్ని లోపట్నే కూసోవెడ్తది. ఇంతమందిమి గిర్ర గిర్ర తిరుగుతుంటే నడిమిట్ల పిల్లలెందుకు?"

ఆ ఒక్క మాటతో గంగమణికి సగం భయం తగ్గింది. స్కూటీ తీసింది. నేనూ వస్తానని అత్త హన్మవ్వ వెనక ఎక్కి కూర్చుంది. ఆమె మోకాళ్ల నొప్పులు ఏమయ్యాయో దేవుడికే తెలియాలి.

తిరగడం మొదలైంది. ఎనభై బండ్లు. ఆటోలు, పాల బండి, కరెంటాయన మోటార్ సైకిల్. ఏడో చుట్టులో లెక్క రాసే పెద్దాయన తల ఎత్తాడు.

"అవ్వా, నువ్వు ఇందాక పోయినవు గద?"

గంగమణి బ్రేకు వేసింది.

"పోయిన బిడ్డా," అంది హన్మవ్వ. "సంచి మర్సిపోయిన. మళ్లొచ్చిన."

"సంచి ఏది?"

"మళ్ల మర్సిన."

పెద్దాయన ఒక్క క్షణం చూసి కాగితం మీద ఎడమ మలుపు గడిలో ఇంకో గీత గీశాడు.

పన్నెండో చుట్టులో ఏకంగా భానుప్రసాద్ చేయి అడ్డం పెట్టి బండి ఆపాడు. ఇక అంతా అయిపోయిందనుకుంది గంగమణి.

"రోజు గింత రద్దీ ఉంటదా అమ్మా, ఇక్కడ?"

పుట్టి బుద్ధెరిగాక ఆమె ఆఫీసరుతో అబద్ధం ఆడలేదు. కళ్ల ముందు నుజ్జయిన డబ్బా మెదిలింది.

"రోజు గింతే సార్. ఇయ్యాల జర తక్కువ."

భానుప్రసాద్ తల ఊపి పొమ్మన్నాడు. ఆమె మలుపు తిరిగి పదమూడో చుట్టుకు బయలుదేరింది.

ఆరు గంటలకు లెక్క తేలింది. ఆరు వేల నూట పన్నెండు. రామ్‌దాస్ అందరికీ చాయ్ ఇప్పించాడు. లెక్కవాళ్ల జీపు కదిలిపోయాక, అప్పుడు గంగమణి రోడ్డు దాటి త్రివేణిని తెచ్చుకుంది. ఆ రాత్రి నెల రోజుల తర్వాత కడుపు నిండా తిన్నది.

రెండు నెలలకు భానుప్రసాద్ పని ప్లాను గీసిన పెద్ద నక్షా చుట్ట పట్టుకుని కాలనీకి వచ్చాడు. డబ్బు మంజూరైంది, వచ్చే వారమే పని మొదలు. చప్పట్లు మోగాయి. రామ్‌దాస్ దండ కూడా వేశాడు. గంగమణి మాత్రం అందరినీ తోసుకుని నక్షా దగ్గరికి పోయింది. కాలనీ కనబడింది, బడి కనబడింది. రెండింటి నడుమ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక లావుపాటి నల్లగీత ఉంది.

"సార్, పిల్లలు యాడ దాటాలె? గీ నల్లగీత ఏంది?"

భానుప్రసాద్ ఆనాటి లెక్క కాగితం తీసి, వేలు పెట్టి చూపించాడు.

"అది రోడ్డు నడుమ కట్టే గోడ అమ్మా. ఆ రోజు మీ గల్లీల నుంచి మూడు వేల బండ్లు వస్తే అన్నీ ఎడమకే మలిగినయి, నడిసి గూడ అవతలికి ఒక్కలు పోలే. దాటేటోళ్లే లేని కాడ తోవ ఎందుకని రెండు కిలోమీటర్ల దాకా మూసేస్తున్నం."