తిరిగొచ్చిన క్యారేజీ

హోటల్ గదిలో తమ్ముడు భోజనం పార్సిల్ మూత తీశాడు. పైన వేలెడు మందాన నూనె తేలుతోంది. మూత మళ్ళీ పెట్టేసి, దాన్ని అలాగే కిందికి పట్టుకొచ్చాడు.

"ఇది మనుషులు తినేదేనా మేనేజర్ గారూ?"

హోటల్ మేనేజర్ తల కూడా ఎత్తలేదు. "మన దగ్గర వంట లేదు సార్. ఫోన్లో ఆర్డరు పెడితే ఈ వీధికి వచ్చేవి ఇవే."

అతనిది నోటి రుచి గొడవ కాదు. ఎదురుగా ఉన్న ఆసుపత్రిలో అక్క ఉంది. ఆమెకు తన కిడ్నీ ఒకటి ఇవ్వడానికి ఊరుకాని ఊరు వచ్చి ఈ హోటల్లో దిగాడు.

మొన్న ఇలాంటి పార్సిలే తింటే విరేచనాలు పట్టుకున్నాయి. ఆపరేషన్ వాయిదా పడింది.

"ఇంకోసారి వాయిదా అంటే మీ అక్క తట్టుకోలేదు. ఇంటి తిండి తినండి," అని డాక్టరు గట్టిగా చెప్పాడు. హోటల్లో ఉన్నవాడికి ఇంటి తిండి ఎక్కడ దొరుకుతుందో మాత్రం చెప్పలేదు. డాక్టర్లకు ఆ సుఖం ఉంది.

ఫోను రావడంతో మేనేజర్ అటు తిరిగాడు. అప్పుడే ఒక పెద్దాయన మూడు గిన్నెల క్యారేజీతో వీధిలోంచి లోపలికి వచ్చాడు. చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"ఎవరికి పెద్దాయనా ఆ క్యారేజీ?"

"ఒకరి కోసం తీసుకెళ్ళాను బాబూ. తినలేదు."

"కారం దట్టించావా?"

"అసలు వెయ్యను. ఉప్పు కూడా అంతంతే."

తమ్ముడికి ప్రాణం లేచొచ్చింది. "అయితే ఇలా ఇవ్వు. రోజూ రెండు పూటలా నా గదికి తెచ్చిపెట్టాలి. ఆపరేషన్ అయ్యేదాకా నా కడుపు బాగుండాలి. అది చెడితే మా అక్క నాకు దక్కదు."

పెద్దాయన క్యారేజీ వైపు ఒకసారి చూసి, అతని చేతికిచ్చాడు.

"తెస్తాను," అన్నాడు.

"మరి డబ్బు?"

"ముందు మీ ఆపరేషన్ కానివ్వండి బాబూ."

ఇంత మెతక మనిషి వ్యాపారం ఎలా చేసుకొస్తున్నాడో అనుకున్నాడు తమ్ముడు.

ఆ రోజు నుంచి వేళకి క్యారేజీ వచ్చేది. మెత్తగా ఉడికిన అన్నం, చప్పిడి కూర. కడుపు కుదుటపడింది. కడుపు కుదుటపడ్డాక నోరు లేచింది.

"కూర మరీ ఇంత మెత్తగానా? నాకు పళ్ళున్నాయి పెద్దాయనా."

"అలవాటు బాబూ. రేపు చూసుకుంటాను."

"తలుపు దగ్గర అలా నిలబడి చూస్తావేం? తిన్నది అరగదు నాకు. ఇంకెవరికీ ఇవ్వక్కర్లేదా?"

"మీరు తినేస్తే గిన్నెలు పట్టుకెళదామని."

ఒకరోజు మధ్యాహ్నం క్యారేజీ రాలేదు. పొద్దు వాలుతుండగా వచ్చింది. మూత తీస్తే అన్నం మాడు వాసన.

తమ్ముడికి ఒళ్ళు మండిపోయింది. "మా అక్క ప్రాణం నీ చేతిలో పెట్టాను. నీకు ఆటలుగా ఉందా? చేతకాకపోతే ముందే చెప్పు, ఇంకొకర్ని చూసుకుంటాను."

పెద్దాయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొయ్యి పొగ తగిలిందేమో అనుకున్నాడు తమ్ముడు.

"పొరపాటైంది బాబూ. మీ అక్కకేం కాదు. రేపటి నుంచి వేళకి తెస్తాను."

అన్నట్టే తెచ్చాడు. ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో చేరే రోజు కూడా ఆఖరి ముద్ద అయ్యేదాకా తలుపు దగ్గరే నిలబడి, గిన్నెలు సర్దుకుని వెళ్ళాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. తమ్ముణ్ణి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి అక్క దగ్గరికి తీసుకెళితే, ఆమె నీరసంగా అడిగిన మొదటి మాట, "తిన్నావురా?"

తమ్ముడికి ఏడుపొచ్చింది. అప్పుడు గుర్తొచ్చాడు పెద్దాయన.

నడవగలిగిన రోజున, పొట్ట పట్టుకుని మెల్లగా హోటల్‌కి వచ్చాడు.

"మేనేజర్ గారూ, క్యారేజీలు వేసే పెద్దాయన ఎక్కడుంటాడు? డబ్బివ్వాలి. నోటికొచ్చినట్టు మాట్లాడాను కూడా. తప్పైపోయిందని చెప్పుకోవాలి."

"క్యారేజీలు వేసేవాళ్ళు ఇక్కడెవరూ లేరే సార్."

"అదేనండీ, తెల్ల జుట్టు, మూడు గిన్నెల క్యారేజీ..."

మేనేజర్ చేతిలో పని ఆపాడు.

"ఆయనా? మీ పై అంతస్తులో దిగినాయన సార్. భార్యని ఈ ఆసుపత్రిలోనే చేర్చారు. గదిలో చిన్న స్టవ్వు పెట్టుకుని ఆవిడ కోసం వండేవారు. ఆవిడకి గొంతు దిగక తినలేకపోయినా మానలేదు. మోసుకెళ్ళడం, మోసుకురావడం."

"ఇప్పుడు ఎక్కడున్నారు?"

"వెళ్ళిపోయారు. మీ ఆపరేషన్ అయిందా, అయిందా అని అడుగుతూనే ఉన్నారు. బాగా జరిగిందని చెప్పిన సాయంత్రమే గది ఖాళీ చేశారు."

"ఆవిడకి నయమైందా?"

మేనేజర్ తల అడ్డంగా ఊపాడు.

"ఆవిడ పోయి అప్పటికే చాలా రోజులైంది సార్. ఇంక ఇక్కడెందుకు, ఇంటికెళ్ళండని నేనే అన్నాను. నా వంట తినాల్సిన మనిషి ఇంకా ఒకరున్నారని చెప్పి, ఆవిడ పోయిన సాయంత్రమే మళ్ళీ స్టవ్వు వెలిగించుకున్నారు."